అపా, లోపలికి రావచ్చా?

మే 9

పొద్దున టీ అందిస్తుంటే కుంతల నా మొహంలోకి చూసి "మీరెవరండీ?" అంది. నవ్వుతూ అంది కాబట్టి వేళాకోళమే అయివుంటుంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇలాగే ఆటపట్టించేది. "నీ మొగుణ్ణి" అన్నాను. "ఓహో" అని టీ తాగేసింది.

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం ఇద్దరం పఖాళ తిన్నాం. పులిసిన గంజినీళ్ళు చల్లగా కడుపులోకి దిగుతుంటే ప్రాణం లేచివచ్చింది. కుంతల వడియాల పొడి మారు అడిగి వేయించుకుంది. అంతా బాగానే ఉంది.

మే 12

దీపాలు పెట్టే వేళకి వీధిగుమ్మంలో నిలబడి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. హాస్టల్ ఆడపిల్లల్ని.

"మనోరమ ఇంకా రాలేదు. చీకటి పడిపోతోంది" అంది.

"మనోరమా లేదు, హాస్టలూ లేదు. నువ్వు వార్డెన్ పనిలోంచి రిటైరై పదిహేనేళ్ళు దాటింది" అన్నాను.

"మరి ఆ పిల్ల తల్లికి నేనేం చెప్పను?"

"ఏ తల్లీ వచ్చి అడగదు. లోపలికి రా."

అన్నం ముట్టలేదు. నా తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. కళ్ళెదుట తప్పు కనబడుతుంటే చూసీచూడనట్టు పోవడం నాకు చేతకాదు. దిద్దుతూ ఉంటే దారికి వస్తుంది.

మే 13

ఈ రోజు అరవలేదు. కొంచెం గట్టిగా చెప్పాను, అంతే.

మే 19

ఆదివారం కదా, మా అమ్మాయి ఇతి భువనేశ్వర్ నుంచి వచ్చింది. వస్తూనే తల్లి మెడ దగ్గర ముక్కు పెట్టి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"బాపా, అమ్మ స్నానం చేసి ఎన్నాళ్ళయింది?"

"రోజూ బాత్రూంలోకి వెళ్తూనే ఉంది."

"వెళ్తే సరిపోయిందా? బకెట్ తడిసిందో లేదో చూశావా?"

చూడలేదు. ఆడదాని స్నానం సంగతి మగాడు ఏం చూస్తాడు?

ఇతి తలంటి స్నానం చేయించి, జడవేసి, ఉతికిన చీర కట్టింది. ఇద్దరూ లోపల నవ్వుకోవడం వినబడింది. వెళ్ళేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "బ్యాంకు ఉద్యోగం మానలేను బాపా. ఎవరినైనా మనిషిని పెడదాం" అంది.

అవసరం లేదన్నాను.

జూన్ 3

ఇతి పోరు పడలేక మూడోరోజుకే ఒప్పుకున్నాను, ఇవాళ మనిషి వచ్చింది. పేరు ఝును. ముప్పై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. కుంతలని ఒక్క ఊపున మంచం మీంచి లేపేసింది. నేనైతే బతిమాలుతూ కూర్చునేవాణ్ణి. టీ చల్లారేలోపు స్నానం, బట్టలు, తల దువ్వడం అన్నీ ముగించింది.

మంచిది.

జూన్ 6

ఝును వేగంగా పనిచేస్తుంది. కుంతల కొంచెం పెనుగులాడింది. మొదట్లో అలాగే ఉంటుందట.

"మీరు పేపరు చదువుకోండి మావుసా. వీళ్ళ సంగతి నాకు తెలుసు. మెతగ్గా ఉంటే నెత్తికెక్కుతారు" అంది ఝును. బాబాయి వరసలో నన్ను మావుసా అంటుంది.

మంచిదే.

జూన్ 10

కుంతల మాట్లాడటం తగ్గించింది. సాయంత్రం గుమ్మంలోకి వెళ్ళడం లేదు, పిల్లల్ని లెక్కపెట్టడం లేదు. దారికి వస్తోందని ఇతికి ఫోన్లో చెప్పాను.

జూన్ 15

రజ పండుగ. మా పేటలో ఆడవాళ్ళెవరికీ ఈ మూడు రోజులూ పని లేదు. ఝును కూడా రాలేదు. ఇతి పోడపిఠా కాల్చి తెచ్చింది, కుంతలకి ఎర్రంచు సంబల్‌పురి చీర తెచ్చింది. పక్కింటివాళ్ళ మామిడికొమ్మకి ఉయ్యాల వేశారు. తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి ఊపారు. తాంబూలంతో పెదవులు ఎర్రగా పండి, కుంతల చిన్నపిల్లలా ఉంది.

ఉయ్యాల దిగుతూ కుంతల ఇతితో, "గోడ దగ్గర నిలబడ్డ ఆ ముసలాయన ఎవరే? పొద్దుటినుంచి మనల్నే చూస్తున్నాడు" అంది.

ఇతి నవ్వింది. పక్కింటివాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

జూన్ 18

మందుల షాపు నుంచి తిరిగివస్తుంటే మా ఇంటి ముందు పాలవాడు సైకిల్ పట్టుకుని, తల పక్కకి తిప్పుకుని నిలబడివున్నాడు. వరండాలో కుర్చీలో కుంతల. ఒంటి మీద లోపలి లంగా తప్ప మరేమీ లేదు. తడి జుట్టు. పక్కనున్న వార్తాపత్రిక లాక్కుని రెండు చేతులతో గుండెలకి అదుముకుంది. నీళ్ళకి నానిన కాగితం చిరిగిపోతోంది. చిరిగిన ముక్కని మళ్ళీ మళ్ళీ చిరుగు మీదే అంటించుకుంటోంది.

లోపల ఝును చీర వెతుకుతోంది. వీధి తలుపు తెరిచే ఉంది.

"ఇలా కూర్చోబెట్టావేంటి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"గాలికి ఆరుతుందని మావుసా. ఈవిడకి ఇంకా సిగ్గెక్కడిది? అన్నీ మర్చిపోయింది కదా."

నా ఉత్తరీయం తీసి కప్పాను. కుంతల ఎవరినీ చూడటం లేదు, నేల వైపే చూస్తోంది. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా పైట జారకుండా పిన్ను పెట్టుకున్న మనిషి. నూట యాభై మంది ఆడపిల్లలకి తలెత్తుకుని నడవమని చెప్పిన మనిషి.

"అన్నీ మర్చిపోయింది. సిగ్గు మర్చిపోలేదు" అన్నాను.

ఝునుని రేపట్నుంచి రావద్దని చెప్పాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "శుభ్రంగా ఉంచమన్నారు, ఉంచాను. ఇంకేం చేయాలో మాకెవరూ చెప్పలేదు మావుసా." కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

కుంతల పెనుగులాడిందని జూన్ ఆరున ఇక్కడే రాశాను. అప్పుడు పేపరు చదువుకున్నాను.

జూన్ 20

నేనే చేయిస్తాను. పెళ్ళాం కదా, ఇందులో ఏముంది? నీళ్ళు కాచి, చేయిపట్టి బాత్రూంలోకి తీసుకెళ్ళాను. పైట మీద చేయి వేశానో లేదో చెంప పేలిపోయింది.

"నువ్వెవడివి? ఆడపిల్లలుండే చోటికి నిన్నెవడు రానిచ్చాడు? దర్వాన్! దర్వాన్!"

"నేను నీ మొగుణ్ణి!" అని అరిచాను. వీధి వీధంతా వినివుంటారు.

మూలకి ముడుచుకుపోయి వెక్కివెక్కి ఏడ్చింది. కాలు తగిలి బకెట్ పడిపోయింది. నీళ్ళన్నీ పోయాయి.

జూన్ 21

స్నానం లేదు.

జూన్ 22

స్నానం లేదు. వాన మొదలైంది.

జూన్ 23

ఇతి వచ్చి చేయించింది. చెంప మీద గీత చూసి ఏమిటని అడిగింది. గడ్డం గీసుకుంటుంటే తెగిందన్నాను.

జూన్ 27

స్నానం లేదు. రాయడానికేమీ లేదు.

జూలై 4

అనుకోకుండా రశ్మిరేఖ వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. పిల్లేమిటి, జుట్టు సగం నెరిసింది. పూరీలో కాలేజీ లెక్చరరు. ఏదో పని మీద కటక్ వచ్చి, అపాని చూసిపోదామని వెతుక్కుంటూ వచ్చింది. హాస్టల్ పిల్లలందరికీ కుంతల అక్క కాబట్టి అపా, నేను బావగారు. ఆ రోజుల్లో నన్ను చూస్తే చాలు, వెనకనుంచి కిసుక్కున నవ్వేవాళ్ళు.

"బావగారూ, గొడుగు ఇప్పటికీ రెండు చేతులతోనే పట్టుకుంటున్నారా?" అంటూనే మెట్లెక్కింది.

సంగతంతా వరండాలోనే నిలబెట్టి చెప్పాను. చెప్పినంతసేపూ ఆమె నా భుజం మీంచి లోపలికి చూస్తూనే ఉంది. తర్వాత పడకగది దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, కుంతల మంచం మీద కనబడుతూనే ఉంది. అయినా వేలితో తలుపు మీద తట్టింది.

"అపా, లోపలికి రావచ్చా?"

కుంతల వెన్ను నిటారుగా అయింది. "ఎవరు?"

"రశ్మిరేఖ, అపా."

"ఇప్పుడా రావడం? గేటు మూసేసి ఎంతసేపయింది?"

"బస్సు ఆలస్యమైంది అపా. ఈసారికి క్షమించండి."

"తడిశావా? జుట్టు ఆరబెట్టుకో, జ్వరం వస్తుంది. భోజనాల గదిలో నీకు అన్నం తీసిపెట్టించాను."

"సరే అపా. మీ జుట్టు కూడా చిక్కుపడింది, దువ్వమంటారా?"

"దువ్వు. మెల్లిగా."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. రశ్మిరేఖ దువ్వింది. తర్వాత "నీళ్ళు కాగాయట అపా, స్నానం చేస్తారా?" అని అడిగింది. "పద" అంది కుంతల, పెనుగులాట లేకుండా.

టీ తాగుతూ నేనన్నాను, "అబద్ధాలు చెప్పి నెట్టుకొస్తే ఎన్నాళ్ళమ్మా?"

"ఏది అబద్ధం బావగారూ? నేను రశ్మిరేఖని కానా? ఆవిడ మా అపా కాదా? రావడం ఆలస్యం కాలేదా? ఎన్నేళ్ళయిందో నేనీ గుమ్మం తొక్కి." కప్పు కింద పెట్టింది. "హాస్టల్ తాళాలన్నీ అపా దగ్గరే ఉండేవి. అయినా ఏ గదికి వచ్చినా తలుపు తట్టేది. మా ఊళ్ళో, మా సొంత ఇంట్లో, నా తలుపు ఎవరూ తట్టలేదండీ. మొదటిసారి తట్టింది అపాయే. పదిహేడేళ్ళ పిల్లని, ఎవరికోసమో అనుకుని వెనక్కి చూశాను."

జూలై 5

పొద్దున నీళ్ళు కాచాను. నా ఇంట్లో నా పడకగది తలుపు నేను తట్టడం ఏమిటి? తట్టకుండానే టీ ఇచ్చి వచ్చేశాను.

నీళ్ళు చల్లారిపోయాయి.

జూలై 7

తట్టాను. "ఎవరు?" అంది లోపలినుంచి. ఏం చెప్పాలి? మొగుణ్ణంటే మూలకి ముడుచుకుంటుంది.

"నీళ్ళు కాగాయి... అపా. తెమ్మంటారా?"

అక్కా అని పిలిచాను, నా పెళ్ళాన్ని. నోట్లో ఉప్పురాయి పెట్టుకున్నట్టుంది.

"బాత్రూంలో పెట్టి బయట ఉండు" అంది.

బయట ఉన్నాను. బాత్రూం తలుపుకి అడ్డంగా పాత చీరతో తెర కట్టాను. ఇవతలినుంచి చెబుతూ పోయాను. "సబ్బు కుడివైపు గూట్లో ఉంది అపా. ముందు చేతులు. ఇప్పుడు చెంబుతో నీళ్ళు." కాసేపు నీళ్ళ చప్పుడు వినబడేది, కాసేపు ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మళ్ళీ చెప్పాను. తెర పక్కనుంచి తువ్వాలు అందిస్తే తడిచేయి వచ్చి తీసుకుంది.

జుట్టులో సబ్బు నురగ అలాగే ఉండిపోయింది. చీర తిరగేసి కట్టుకుంది. ఏదీ దిద్దలేదు.

జూలై 16

వానలు. తెర ఇవతల రోజూ ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటున్నాను. ఈ రోజు నీళ్ళ చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

"వీపు అందడం లేదు" అంది మెల్లిగా.

"నేను రుద్దమంటారా అపా?"

అడగకుండా ఉండాల్సిందనుకున్నాను.

"కళ్ళు మూసుకుంటావా?"

"మూసుకుంటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

మూసుకుని, తెర తడుముకుంటూ వెళ్ళాను. కళ్ళు తెరవలేదు. ఎవరు చూడొచ్చారని తెరవొచ్చు, తెరవలేదు. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ వేలికి తగిలింది. అక్కడే ఉంది.

"చేయి మెత్తగా ఉంది నీది. ఇంతకుముందు వచ్చిన ఆవిడ బాగా గీరేది" అంది.

ఇదంతా అయ్యాక వంటింట్లోకి వెళ్ళి కాసేపు పొయ్యి దగ్గర నిలబడ్డాను. పొగ ఏమీ లేదు, గ్యాస్ పొయ్యే.

జూలై 28

నేను "అపా" అనడం ఇతి విన్నది. మొదట పగలబడి నవ్వింది. "బాపా, కట్టుకున్నదాన్ని అక్కా అంటున్నావా? ఊళ్ళో వింటే!" అంటూనే ఏడ్చేసింది.

"ఊరంతా అన్నదే. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను" అన్నాను.

ఇతి కళ్ళు తుడుచుకుని, "సరిగ్గా తింటోందా? రాత్రిళ్ళు లేస్తోందా? దొడ్డికి..." అని మొదలుపెట్టింది. కుంతల మా ఇద్దరి మధ్యనే కూర్చుని వుంది.

"ఆవిడనే అడుగు" అన్నాను.

ఇతి నా వైపు ఒకసారి చూసి, పీట ముందుకి జరుపుకుంది. "ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉన్నానమ్మా. నువ్వు ఎవరింటి పిల్లవు?"

ఇతి గొంతు సవరించుకుంది. "ఈ ఇంటిదాన్నే."

"అదీ! అందుకే చూసినట్టుంది" అంది కుంతల, సంతోషంగా.

ఆగస్టు 8

పక్క తడిసింది. నేను లోపలికి వెళ్ళేసరికి కుంతల దుప్పటి మీద చేతులు కప్పి, పైకి చూస్తోంది.

"కప్పు కారుతోంది" అంది.

నేనూ పైకి చూశాను. "అవునపా. ఈ ఏడు వానలు మరీ ఎక్కువ. మీరు ఆ కుర్చీలో కూర్చోండి, నేను పక్క మారుస్తాను."

"ముందే బాగుచేయించాల్సింది" అంది, కొంచెం కోపంగా.

"నాదే పొరపాటు" అన్నాను.

ఆగస్టు 17

సాయంత్రం మళ్ళీ గుమ్మంలో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. జూన్ తర్వాత ఇదే మొదటిసారి. చూసి సంతోషమేసింది. ఇలాంటిదానికి సంతోషిస్తానని ఎవరైనా అనుంటే నమ్మేవాణ్ణి కాను.

"మనోరమ రాలేదు."

వచ్చేసిందని అనడానికి నోరు రాలేదు. లేదని అనడానికీ రాలేదు. "మనోరమ ఎలాంటి పిల్ల అపా?" అని అడిగాను.

మెట్టు మీద కూర్చుంది. నేనూ కింది మెట్టు మీద కూర్చున్నాను. చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. జాజ్‌పూర్ వైపు పిల్ల. ఒక వానాకాలం సాయంత్రం రాలేదు. హాస్టల్ సెక్రటరీకి చెబితే పేరు కొట్టేస్తారు, పిల్ల చదువు ఆగిపోతుంది. చెప్పకుండా కుంతల గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. పిల్ల ఏడుస్తూ వచ్చింది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. తల తుడిచి, వేడి అన్నం పెట్టి, తన గదిలోనే పడుకోబెట్టుకుంది.

"ఎందుకు అడగలేదు?"

"చెప్పాలనుంటే తనే చెబుతుంది కదా" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

ఇన్నేళ్ళ కాపురంలో ఇది నాకు చెప్పలేదు. నేనెప్పుడూ హాస్టల్ సంగతులు అడగలేదు. ప్రెస్సు నుంచి వచ్చి అలసిపోయి వుండేవాణ్ణి.

కాసేపటికి "పద, అన్నం తిందాం" అని తనే లేచింది.

సెప్టెంబరు 2

ఈ రోజు అరిచాను. గట్టిగా చెప్పడం కాదు, అరిచాను.

రాత్రంతా నిద్ర లేదు, ఒళ్ళు నొప్పులు. నాలుగోసారి దుప్పటి మారుస్తుంటే గ్లాసుడు పాలు దాని మీద ఒంపేసింది. ఏమన్నానో ఇక్కడ రాయను.

తర్వాత తలుపు తట్టి, "అపా, క్షమించండి" అన్నాను.

"దేనికి?" అంది. మర్చిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కలిపి కుంతల చేతి దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆ చేయి వెనక్కి పోయింది. మాట మర్చిపోయింది, చేయి మర్చిపోలేదు.

ఇతికి ఫోన్ చేసి, నా ఒక్కడివల్ల కాదు, మనిషి కావాలి అన్నాను. ఈసారి ఆ మనిషికి ఏం చెప్పాలో నేనే చెబుతానన్నాను.

సెప్టెంబరు 5

ఝునునే పిలిపించమన్నాను. ఇతి ఆశ్చర్యపోయింది.

సెప్టెంబరు 9

ఝును పొద్దునపూట వస్తోంది. మొదటిరోజు గుమ్మంలోనే ఆపి, ఇల్లు చూపించినట్టు ఒక్కొక్కటీ చూపించాను: ఇది తెర, ఇక్కడ తట్టాలి, "అపా" అనాలి, అడగకుండా ఒంటి మీద చేయి వేయకూడదు.

"ఇంతేనా మావుసా? ఇది అప్పుడే చెప్పొచ్చుగా."

"నాకు అప్పుడు తెలియదమ్మా."

ఈ రోజు లోపలినుంచి వినబడింది. "అపా, ఎడమచేయి ఇస్తారా? ఆఁ, మహారాణిలా ఇచ్చారు!" కుంతల నవ్వు. నేను పక్కగదిలో పడుకున్నాను. పగలు నిద్రపోయి ఎన్ని నెలలైందో.

అక్టోబరు 14

దసరా అయిపోయింది. ఇతి బలవంతం మీద కుంతలని నేనూ ఝునూ అమ్మవారి వెండి తోరణాల మండపానికి రిక్షాలో తీసుకెళ్ళాం. జనం చూసి కుంతల బెదిరిపోతుందనుకున్నాను. రిక్షా దిగకుండానే దణ్ణం పెట్టుకుంది. ఎవరో ముసలావిడ "పాపం, మతి లేదట" అంటే, ఝును చెడామడా దులిపేసింది.

అక్టోబరు 21

మాట తగ్గిపోతోంది. ఒక్కోరోజు పొద్దుటినుంచి ఏమీ అనదు. ఇక ఇలాగే అని డాక్టరు చెప్పాడు. ఆమెని బయటికి పంపి చెప్పబోతే, ఆవిడ ముందే చెప్పండి, మెల్లిగా చెప్పండి అన్నాను. చెప్పాడు. కుంతల శ్రద్ధగా విని, "థాంక్యూ" అంది.

మధ్యాహ్నం దాల్మా వండాను. పప్పులో అరటికాయ, గుమ్మడి మెత్తగా ఉడికాయి. పళ్ళెం ముందు పెట్టి కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నాక ఉన్నట్టుండి తలెత్తింది.

"ఇన్నాళ్ళనుంచి వస్తున్నావు. నీ పేరేమిటో అడగనే లేదు. ఏమీ అనుకోకు."

"ఆర్తత్రాణ" అన్నాను.

కుంతల చేయి ఆగిపోయింది. కొంగు తలమీదికి లాక్కుంది. చెంపలు ఎర్రబడ్డాయి.

"అయ్యో. ఆ పేరు నేను పలకకూడదు నాయనా. మా ఇంటాయన పేరది."

పళ్ళెంలో ఇంకో గరిటె దాల్మా వేసి అడిగాను, "ఆయన ఎలాంటివారు అపా?"

"మాటకారి కాదు. మామిడిపండు కోస్తే చెంపలు నాకు పెట్టి, టెంక తను చీకుతాడు. టెంకంటేనే ఇష్టమంటాడు." నవ్వింది. "ఎవరికైనా టెంక ఇష్టమవుతుందా?"

"ఎక్కడున్నారిప్పుడు?"

"ప్రెస్సులో. ఈమధ్య బాగా ఆలస్యమవుతోంది." గిన్నెలోకి తొంగిచూసి, నా వైపు వంగి గొంతు తగ్గించింది. "ఆ దాల్మా అంతా నాకే పెట్టేయకు. ఆయన ఆకలితో వస్తాడు. కొంచెం తీసి మూతపెట్టు."

"సరే అపా."

పళ్ళెంలో అన్నం, దాల్మా తీసి, మూతపెట్టి, ఆమెకి కనబడేలా బల్ల మీద ఉంచాను. ఆమె తినడం ముగించింది. చేయి కడిగి, మూతి తుడిచి, అడిగి, మంచం మీద పడుకోబెట్టాను. రెండుసార్లు మెడ తిప్పి ఆ పళ్ళెం వైపు చూసుకుని నిద్రపోయింది.

చల్లారిపోయింది. నేనే తిన్నాను.